పిన్‌కోడ్‌ను రెండుసార్లు రాస్తే వచ్చే 508001508001: 7 ఎందుకు పోలేదు, 13 ఎందుకు పోయింది

కాలిక్యులేటర్ తప్పు చెప్పలేదమ్మా, మీ బాబు నొక్కడంలో కూడా తప్పేమీ లేదు. తప్పంతా ఆ రూల్‌ని మూడు అంకెల నుంచి ఆరు అంకెలకు సాగదీయడంలో ఉంది. అది చిన్న తప్పే కానీ అందులో చాలా లెక్క దాగి ఉంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను. తీరిగ్గా బాబును పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం పెన్ను పట్టుకుని చదవండి.

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. బాబు ఎనిమిదో తరగతి. ఏ మూడు అంకెల సంఖ్యనైనా రెండుసార్లు పక్కపక్కన రాస్తే అది 7, 11, 13 మూడింటితోనూ నిశ్శేషంగా పోతుందని స్కూల్లో చెప్పారు. మూడు అంకెలకు పనిచేసింది ఆరు అంకెలకు ఎందుకు చేయదని మీ మిర్యాలగూడ పిన్‌కోడ్ 508207 తీసుకుని రెండుసార్లు రాశాడు. మీరు పనిచేసే రైస్ మిల్లు ఆఫీసులోని 12 అంకెల కాలిక్యులేటర్ మీద 508207508207ని 7తో భాగిస్తే సరిగ్గా 72601072601 వచ్చింది. ఎగిరి గంతేశాడు. తర్వాత నల్గొండలో ఉండే నానమ్మ వాళ్ల పిన్‌కోడ్ 508001ని అలాగే రాసి 7తో భాగిస్తే 72571644000.1 అని వచ్చింది. 11తో కూడా పోలేదు. 13తో మాత్రం సరిగ్గా పోయింది. రూల్ ఒకచోట పనిచేసి ఇంకోచోట సగమే పనిచేయడం ఏమిటని రాత్రంతా అదే టెన్షన్ అని రాశారు.

ముందుగా మూడు అంకెల సంగతి. 508ని రెండుసార్లు రాస్తే 508508. ఇది 508 వేల 508, అంటే వెయ్యి 508లు, వాటి మీద ఇంకొక 508. మొత్తం 1001 సార్లు 508. ఇక్కడ 508 ఏదైనా కావచ్చు, గుణించే 1001 మాత్రం మారదు. ఆ 1001 ఏమో 7 × 11 × 13. రూల్ అంతా ఇంతే. 7, 11, 13 అన్నవి మీరు రాసిన అంకెల్లోంచి రాలేదు, రెండుసార్లు రాయడం అనే పనిలోంచి వచ్చాయి.

ఇప్పుడు ఆరు అంకెలు. 508001ని రెండుసార్లు రాస్తే పది లక్షల 508001లు, ఇంకొక 508001. అంటే 508001 × 1000001. 1001 స్థానంలో పది లక్షల ఒకటి వచ్చి కూర్చుంది. కాబట్టి అసలు ప్రశ్న పిన్‌కోడ్ గురించి కాదు, ఈ 1000001ని 7 భాగిస్తుందా అని.

భాగించదు, దానికి భాగహారం కూడా చేయనక్కర్లేదు. 1000001కి రెండు తక్కువ ఎంత? 999999. ఇది 999 × 1001. అంటే 999999లో 7, 11, 13 మూడూ ఉన్నాయి. దానికి రెండు కలిపితే 1000001. 7 ఎక్కంలో ఉన్న సంఖ్యకు 2 కలిపితే అది ఇంక 7 ఎక్కంలో ఉండదు కదా, శేషం 2 మిగులుతుంది. 11కీ అంతే, 13కీ అంతే. మూడు అంకెలకు ఆ మూడూ కచ్చితంగా వచ్చినట్టే, ఆరు అంకెలకు ఆ మూడూ కచ్చితంగా రావు. రెండుసార్లు రాయడం వల్ల రావు అని నా ఉద్దేశం. వేరే దారిలో రావచ్చు, మీ బాబుకు వచ్చింది ఆ వేరే దారిలోనే. దాని సంగతి తర్వాత చెప్తాను.

బాబు చేత 508001508001ని 7తో చేత్తో భాగించమనండి, కాలిక్యులేటర్ వద్దు. శేషాలు మాత్రం పక్కన రాసుకోమనండి. 50లో 1 మిగులుతుంది, 18లో 4, 40లో 5, 50లో 1, 11లో 4. ఇక్కడికి మొదటి 508001 అయిపోయింది, చేతిలో 4 ఉంది. ఈ 4ని పట్టుకుని రెండో 508001లోకి దిగాలి. 45లో 3, 30లో 2, 28లో 0, తర్వాత రెండు సున్నాలకు 0, 0, చివరి 1కి 1. మొత్తం మీద శేషం 1. ఇప్పుడు చూడండి, మొదటి సగం 4 ఇచ్చింది. రెండో సగం ఒక్కటే ఉంటే అదీ 4 ఇస్తుంది. రెండూ కలిస్తే 8, 8లో 7 పోతే 1. పది లక్షలను 7తో భాగిస్తే శేషం 1 కాబట్టి మొదటి సగం నుంచి వచ్చిన 4 ఆరు స్థానాలు దాటినా 4గానే ఉంటుంది. అంటే ఆరు అంకెల సంఖ్యను రెండుసార్లు రాస్తే 7 శేషం రెట్టింపు అవుతుంది, అంతే. 508207కి శేషం 0, సున్నాను రెట్టింపు చేసినా సున్నాయే. మిర్యాలగూడ పిన్‌కోడ్‌తో పనిచేయడానికి కారణం అదొక్కటే: 508207 తనకు తానే 7 ఎక్కంలో ఉంది, 7 × 72601. ఒకసారి రాసినా పోయేది, రెండుసార్లు రాసినా పోయేది.

అదే 508207508207ని బాబు 11తో, 13తో కూడా చూసి ఉంటే అక్కడే పట్టుకునేవాడు. 11తో 3 మిగులుతుంది, 13తో 9 మిగులుతుంది. 7 ఒక్కటే చూసి ఆపేశాడు. పిల్లల్ని ఏమీ అనలేం, పని జరిగిందనిపించిన చోట ఎవరమైనా ఆగిపోతాం. ఏడు పిన్‌కోడ్‌లు తీసుకుంటే అందులో సుమారు ఒకటి 7 ఎక్కంలో పడుతుంది, మీ ఊరిది అలా పడింది.

మీ కాలిక్యులేటర్ 72571644000.1 అని చూపించింది కదా, దాని తెరలో పన్నెండు అంకెలే పడతాయి కాబట్టి అక్కడ ఆపేసింది. ఫోన్లో చేసి చూడండి, 72571644000.142857 అని ఇంకా పోతుంది. ఒకటిని 7తో భాగిస్తే వచ్చే 142857 అదే. శేషం 1 అని చేత్తో కనుక్కున్నది, తెర మీది దశాంశం చెప్పేది ఒకటే మాట.

దీన్ని ఇంకో రకంగా కూడా చూడొచ్చు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 1001 మన చేతిలో ఉంది కాబట్టి, ఏ పెద్ద సంఖ్యనైనా కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కలిపి ఒకటి తీసేస్తూ పోతే వచ్చేదాన్ని చూసి 7, 11, 13 మూడూ ఒకేసారి తేల్చేయొచ్చు. 508508 అయితే 508 − 508, సున్నా. ఏ మూడు అంకెలైనా తమను తామే కొట్టేసుకుంటాయి. 508001508001 అయితే 001 − 508 + 001 − 508. ఇక్కడ 508కి 508 ఎదురు రాలేదు, రెండూ ఒకే గుర్తుతో వచ్చాయి. ఎందుకంటే ఒక్కో పిన్‌కోడ్‌లో రెండు ముక్కలున్నాయి, రెండు అడుగులు వేసేసరికి గుర్తు మళ్లీ మొదటికే వస్తుంది. కొట్టేసుకోవడం పోయి పోగుపడింది, వచ్చింది మైనస్ 1014. ముక్కలు బేసి సంఖ్యలో ఉంటేనే కొట్టేసుకుంటాయి. అంటే మీ బాబు రూల్ ఆరు అంకెలకు పనిచేయదు కానీ తొమ్మిది అంకెలకు పనిచేస్తుంది. ఏ తొమ్మిది అంకెల సంఖ్యనైనా రెండుసార్లు రాయండి, 7, 11, 13 మూడూ పోతాయి. పదిహేను అంకెలకూ అంతే. ఈ మాట బాబుకు చెప్పండి, వాడి ఆలోచన పూర్తిగా తప్పు కాదు, ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు మీద నిలబడుతుంది.

సరే, 1000001లో 7 లేదు, 11 లేదు, 13 లేదు. మరి ఏముంది? మూడేసి బదులు రెండేసి అంకెలుగా విడగొట్టండి: 50, 80, 01, 50, 80, 01. కుడి నుంచి 01 − 80 + 50 − 01 + 80 − 50. మొత్తం సున్నా. ఇప్పుడు ఒక్కో పిన్‌కోడ్‌లో మూడు ముక్కలు, బేసి, అందుకే కొట్టేసుకున్నాయి. రెండేసిగా విడగొట్టి చేసే ఈ పరీక్ష 101ది. కాబట్టి ఏ ఆరు అంకెల సంఖ్యను రెండుసార్లు రాసినా 101 తప్పకుండా పోతుంది. దాంతోపాటు ఇంకొకటి: 1000001 = 101 × 9901. చేసి చూసుకోవడం తేలికే, 9901ని వందతో గుణిస్తే 990100, దానికి 9901 కలిపితే పది లక్షల ఒకటి. 7, 11, 13 స్థానంలో మీ బాబు పెట్టుకోవాల్సిన రూల్ ఇదమ్మా: ఆరు అంకెలైతే 101, 9901. మిర్యాలగూడదైనా, సూర్యాపేటదైనా, నాగర్‌కర్నూల్‌దైనా, దేశంలో ఏ ఊరి పిన్‌కోడ్ అయినా సరే.

9901 ఇంకా విడిపోతుందా? పోదు, అది ప్రధాన సంఖ్య. దీని మీద నాకొక తరగతి బాగా గుర్తు. ముప్పై ఏళ్లకు పైగా మన జిల్లా హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను, అందులో కొన్ని పీరియడ్లు మాత్రం ఎప్పటికీ మర్చిపోను. ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 9901 వర్గమూలం వందకు కాస్త తక్కువ. వంద లోపల ప్రధాన సంఖ్యలు సరిగ్గా 25. ఒక్కో పిల్లకు ఒక్కో ప్రధాన సంఖ్య పంచాను. 2, 3, 5, 11 వచ్చిన పిల్లలు కూర్చోకముందే చేతులెత్తారు, 9900 వాళ్ల ఎక్కాల్లో ఉంది కాబట్టి 1 మిగులుతుందని. 7 వచ్చిన అమ్మాయి 3 మిగిలిందంది. వెనక బెంచీ నుంచి 19 వచ్చిన పిల్లాడు లేచి, సార్ నాది నిశ్శేషంగా పోయింది అన్నాడు. తరగతంతా నిశ్శబ్దం. బోర్డు దగ్గరికి పిలిచి సుద్దముక్క ఇచ్చాను. 19 × 5 = 95, 99లోంచి తీస్తే 4, పక్కన 0 దింపితే 40, రెండుసార్లు 38, మిగిలింది 2, పక్కన 1 దింపితే 21. అక్కడ ఆగాడు. పుస్తకంలో 40లోంచి 38 పోతే 1 అని రాసుకుని, 1 దింపితే 11, అక్కడ ఇంకో తప్పు చేసి సున్నాకు వచ్చాడు. బోర్డు మీద 21లోంచి 19 తీసి 2 అని పెద్దగా రాసి, వాడంతట వాడే పోలేదు సార్ అన్నాడు. 97 వచ్చిన పిల్ల 7 మిగిలిందని చెప్పేసరికి 25 శేషాలూ బోర్డు మీదికెక్కాయి, ఒక్కటి కూడా సున్నా లేదు. తరగతి మొత్తం కలిసి ఒక సంఖ్యను ప్రధాన సంఖ్య అని నిరూపించింది. ఒక్కరు తప్పు చేసినా నిరూపణ నిలవదని ఆ రోజు పిల్లలకు చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

పై తరగతులకు వెళ్లాక బాబుకు ఫెర్మా చిన్న సిద్ధాంతం వస్తుంది. అది తెలిస్తే 25 అక్కర్లేదు. 9901ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే దాన్ని 12తో భాగిస్తే 1 మిగిలి తీరాలి. వంద లోపల అలాంటివి 13, 37, 61, 73, 97 అయిదే. వాటి శేషాలు వరసగా 8, 22, 19, 46, 7. అయిదు భాగహారాలతో పని అయిపోయింది. ఇప్పుడు మాత్రం 25తోనే చేయించండి, చేయి తిరగాలి.

ఇక 13 సంగతి. రెండుసార్లు రాయడం వల్ల 13 రాదని చెప్పాను, అయినా 508001508001లో పోయింది. అంటే అది రెండో దారిలో, పిన్‌కోడ్‌లోంచే వచ్చి ఉండాలి. చూద్దాం. 508001ని మూడేసిగా విడగొడితే 508, 001. తీసేస్తే 507. 507 అంటే 39 × 13. దొరికింది. 7తో 507 పోదు, 11తో పోదు, 13తో పోతుంది. నల్గొండ హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడ్‌లోనే 13 ఉంది: 508001 = 13 × 39077. మీ బాబు తలనొప్పి అంతా ఇక్కడిదే. మిర్యాలగూడ దాంట్లో 7 సొంతంగా ఉంది, నల్గొండ దాంట్లో 13 సొంతంగా ఉంది, రెండింటినీ రూల్ ఖాతాలో వేసుకున్నాడు. మిల్లు లెక్కల్లో ఒకరి బస్తాలు ఇంకొకరి పేరు మీద రాసినట్టు. మొత్తం సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ మర్నాడు ఇంకో లారీ వచ్చేసరికి తేడా బయటపడుతుంది.

39077ని ఇంకా విడగొట్టొచ్చు. 13 మళ్లీ పోదు, 12 మిగులుతుంది. 7, 11 ఎలాగూ పోవు. 17తో 11, 19తో 13 మిగులుతాయి. 23 దగ్గరికి వచ్చేసరికి భాగహారమే అక్కర్లేదు: 23 × 1700 = 39100, అందులోంచి ఒక 23 తీస్తే 39077. కాబట్టి 23 × 1699. ఈ 1699ని 41 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో చూశాను, ఏదీ పోదు, ప్రధాన సంఖ్యే. మొత్తం కలిపితే:

508001508001 = 13 × 23 × 101 × 1699 × 9901

ఇందులో 13, 23, 1699 నల్గొండవి. 101, 9901 రెండుసార్లు రాయడానివి. మీ మిర్యాలగూడ సంఖ్య కూడా ఇలాగే: 508207508207 = 7 × 79 × 101 × 919 × 9901. రెండు వరసల్లోనూ 101, 9901 ఉన్నాయి, మిగతావన్నీ వేరు. ఈ రెండు వరసలనూ ఒకదాని కింద ఒకటి రాసి బాబుకు చూపించండి, నేను ఇన్ని పేరాల్లో చెప్పింది వాడికి ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇంత పెద్ద గుణకారం సరిగా ఉందా అని అనుమానమొస్తే తొమ్మిదులు తీసేసే పద్ధతి ఉంది. మీరు లెక్కలు రాసేవాళ్లు కాబట్టి బహుశా తెలిసే ఉంటుంది. అంకెలు కూడుతూ ఒక్క అంకె వరకు తేవాలి. 13 అంటే 4. 23 అంటే 5. 101 అంటే 2. 1699 అంటే 25, అంటే 7. 9901 అంటే 19, 10, 1. నాలుగైదులు ఇరవై, అంటే 2. రెండు రెళ్లు 4. నాలుగేడులు 28, అంటే 10, అంటే 1. ఒకటితో గుణిస్తే 1. అటువైపు 508001508001 అంకెల మొత్తం 28, అదీ 1. సరిపోయింది. ఇది సరిపోతే లెక్క కచ్చితంగా సరైనదని కాదు, సరిపోకపోతే మాత్రం కచ్చితంగా తప్పు. అంకెలు అటూ ఇటూ మారినా ఈ పద్ధతికి తెలియదు.

విడగొట్టడం అయిపోయాక ఈ సంఖ్య గురించి మిగతావన్నీ తేలిగ్గా వచ్చేస్తాయి. చదివితే 50,800 కోట్ల 15 లక్షల 8 వేల ఒకటి. దీనికి భాజకాలు ఎన్ని? అయిదు ప్రధాన సంఖ్యలు, ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. రెండును అయిదుసార్లు గుణిస్తే 32. అందులో 1313 ఉంది, 2323 ఉంది. 13నీ 23నీ రెండుసార్లు రాస్తే వచ్చేవి అవి, రెండంకెల సంఖ్యను రెండుసార్లు రాయడమంటే 101తో గుణించడమే కదా. ఆ 32 భాజకాలనూ కూడాలంటే 14 × 24 × 102 × 1700 × 9902, అంటే 57,691 కోట్ల 42 లక్షల 84 వేల 800. ఇందులోంచి ఆ సంఖ్యనే తీసేస్తే మిగిలేది 6,891 కోట్ల 27 లక్షల 76 వేల 799, సంఖ్యలో ఏడో వంతు కూడా కాదు. 28కి తన చిన్న భాజకాలన్నీ కూడితే మళ్లీ 28 వస్తుంది, 1, 2, 4, 7, 14. మన సంఖ్య దానికి చాలా దూరం. చిన్న ప్రధాన సంఖ్యలు, 2, 3, 5, లేకపోతే ఇలాగే అవుతుంది.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా అన్నది ఇంకా మంచి ప్రశ్న. 13 అంటే 9 + 4. 101 అంటే 100 + 1. 9901 అంటే 99 వర్గం, 10 వర్గం. ఈ మూడింటికీ కుదిరింది. 23కి కుదరదు, 1699కీ కుదరదు, ఎందుకంటే ఆ రెండింటినీ 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్యలు ఒక్కోటి సరి సార్లు వస్తేనే మొత్తం సంఖ్యకు కుదురుతుంది. ఫెర్మా 17వ శతాబ్దంలో చెప్పిన, ఆయిలర్ 18వ శతాబ్దంలో నిరూపించిన సిద్ధాంతం మీద నిలబడే నియమం ఇది. ఇక్కడ 23 ఒక్కసారే, 1699 ఒక్కసారే, కాబట్టి 508001508001ని రెండు వర్గాల మొత్తంగా ఎవరూ రాయలేరు. పైకి చూస్తే ఆ అడ్డంకి కనిపించదు, మొత్తం సంఖ్యను 4తో భాగిస్తే 1 మిగులుతుంది, ఆశపడేలాగే ఉంటుంది. లోపల విడగొడితేనే తెలుస్తుంది. 1000001 ఒక్కటే తీసుకుంటే మాత్రం రెండు రకాలుగా వస్తుంది: 1000 వర్గానికి 1 కలిపితే ఒకటి, 980 వర్గం 960400కి 199 వర్గం 39601 కలిపితే ఇంకొకటి. ఈ రెండోది బాబు చేత చేయించండి.

మీ ప్రశ్న చివర్లో బాబు అడిగాడని ఇంకొకటి రాశారు, ఏదైనా పిన్‌కోడ్ రెండుసార్లు రాస్తే వర్గ సంఖ్య అవుతుందా అని. ఎనిమిదో తరగతి పిల్లవాడు అడగడం చూసి నాకు చాలా సంతోషమైంది. అవదు, ఏ పిన్‌కోడ్‌కీ అవదు. వర్గ సంఖ్యలో ప్రతి ప్రధాన సంఖ్యా జతగా ఉండాలి. 1000001లో 101 ఒక్కటే, 9901 ఒక్కటే. వాటికి జతలు కావాలంటే పిన్‌కోడ్‌లోనే ఇంకొక 101, ఇంకొక 9901 ఉండాలి. రెండూ ఉంటే పిన్‌కోడ్ కనీసం 101 × 9901, అంటే పది లక్షల ఒకటి అవుతుంది. అది ఏడంకెలు. 1972 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి పిన్‌కోడ్ ఆరంకెలే. కాబట్టి చోటు చాలదు.

ఇదే తర్కం ఒక అంకెకు, రెండంకెలకు, అలా పది అంకెల వరకు నడుస్తుంది, ఎక్కడా వర్గం రాదు. పదకొండు అంకెల దగ్గర మొదటిసారి తలుపు తెరుచుకుంటుంది. పదివేల కోట్ల ఒకటి, అంటే 100000000001, అందులో 11 రెండుసార్లు ఉంది. దాన్ని 121తో భాగించి 16తో గుణిస్తే 13223140496. దీన్ని రెండుసార్లు రాయండి: 1322314049613223140496. ఇది 36363636364 వర్గం. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చేత్తో గుణించాను. మీ 12 అంకెల కాలిక్యులేటర్‌కు అందదు, కాగితమే గతి.

ఇలాంటి సంఖ్యల మీద మోజు మనవాళ్లకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ఇటు నుంచి చదివినా అటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను మెడలో వేసుకునే హారాలతో పోల్చి లెక్కలిచ్చాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఆ హారాల్లో ఒకటి 152207 × 73 = 11111111. ఎనిమిది ఒకట్లు. మీ బాబు కళ్లతో చూస్తే అది 1111ని రెండుసార్లు రాయడం. నాలుగంకెలను రెండుసార్లు రాయడమంటే 10001తో గుణించడం, 10001 అంటే 73 × 137. ఆ 73 అక్కడిదే. మన రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం 2014ని రెండుసార్లు రాయమనండి, 20142014, అందులోనూ 73, 137 ఉంటాయి.

బాబుకు మూడు పనులు చెప్పండి. సూర్యాపేట 508213, వనపర్తి 509103 తీసుకుని, రాయకముందే, మొదటి మూడంకెల్లోంచి చివరి మూడంకెలు తీసేసి, రెండుసార్లు రాస్తే ఏది 7తో పోతుందో ఏది పోదో చెప్పాలి, తర్వాతే కాలిక్యులేటర్ ముట్టుకోవాలి. రెండోది, అయిదంకెల సంఖ్యను రెండుసార్లు రాస్తే ఎప్పుడూ పోయే చిన్న ప్రధాన సంఖ్య ఏదో కనుక్కోవాలి. మూడోది, 508001తో 7 పోనే పోవాలని పట్టుబడితే దాన్ని ఎన్నిసార్లు పక్కపక్కన రాయాలో చెప్పాలి. పైన చేత్తో చేసిన భాగహారంలో ఒక్కో 508001 ఒక్కో 4 ఇస్తుందని చూశాం కదా, ఆ నాలుగులను కూడుకుంటూ పోతే దొరుకుతుంది. వాడు చెప్పిన జవాబులు ఇక్కడే రాయండి, చూస్తాను.